వెనిస్‌కి తోడొచ్చిన ఆంటీ

ఆంటీ పోయారని మొన్న మంగళవారం పొద్దున వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు. నేను ఆఫీసుకి వెళ్ళే రైల్లో నిలబడి ఉన్నాను. "అక్కా, మమ్ ఈజ్ గాన్" అన్నాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది గాని నోరు తిరగదు. నలభై దాటినా నాకింకా పిల్లాడే. నిద్రలోనే ప్రాణం పోయిందట, టీ ఇవ్వడానికి వెళ్ళిన కోడలు చూసిందట. "ఫ్యునరల్ శాటర్‌డే, గంగాలిన్‌లో, అవర్ చర్చ్. రోహిణక్కకి కెన్ యు టెల్ హర్? ఐ డోంట్ నో హౌ టు" అన్నాడు. చెప్తానన్నాను. ఈలోపు దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. తర్వాతి స్టేషన్లో దిగి, బెంచీ మీద కూర్చుని రోహిణికి ఫోన్ చేశాను. "నేను కార్ తెస్తా. ఇద్దరం కలిసి పోదాం కాన్‌బెర్రాకి" అని మాత్రం అంది.

ఆంటీ నాకు చుట్టం కాదు. సిడ్నీలో మా తెలుగు ప్రార్థన కూడికలో పిల్లలకి సండే స్కూల్ చెప్పేవారు. పెద్దాసుపత్రిలో నర్సు. రిటైరయ్యాక కాన్‌బెర్రాలో, గంగాలిన్ వైపు, కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. నరసాపురం దగ్గర కాలువ గట్టున పుట్టి పెరిగిన మనిషి. పేరు రాయడం లేదు. బతికుండగా ఎవరైనా నలుగురిలో ఆవిడ పేరెత్తి పొగడబోతే, "చాల్లే, ముందు వడ్డన సంగతి చూడండి" అని లేచిపోయేవారు. ఇప్పుడు లేచిపోలేరు కదా అని నేను ఆ పని చేయదలచుకోలేదు.

పోయినవాళ్ళని దేవతల్ని చేసేయడం మనకి బాగా అలవాటు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆంటీ దేవత కాదు. చాదస్తం మనిషి. ఇంకొకళ్ళ పెట్టె తెరిచి, సర్దింది బాగాలేదని మళ్ళీ సర్దే రకం. మాట వినకపోతే అలిగేవారు, అలిగితే ఆ పూట కూరలో ఉప్పు తగ్గేది. కూడికలో చివరి ప్రార్థన అయ్యే ముందు ఒక కన్ను తెరిచి పిల్లలందరూ ఉన్నారో లేదో చూసుకుని, అప్పుడు "ఆమెన్" అనేవారు. "దేవుడికి లెక్క తెలుసులేమ్మా, నాకే తెలీదు" అని నవ్వేవారు. అటువంటి మనిషి మా చేతులు పట్టుకుని వెనిస్ దాకా వచ్చారు. అక్కడ జరిగినదాన్ని ముప్ఫై ఏళ్ళకి పైగా మోశారు. దాని గురించే ఈ నాలుగు మాటలు.

నేనప్పుడు యూనీలో, అంటే యూనివర్సిటీలో, ఆర్కిటెక్చర్ రెండో ఏడు చదువుతున్నాను. మాకు పాఠం చెప్పే ఆయన వారానికోసారి గది చీకటి చేసి వెనిస్ స్లైడ్లు వేసేవాడు. నీళ్ళలోంచి లేచిన ఇళ్ళు, వంతెనల మీద వంతెనలు. చూసి చూసి నాకూ, నా క్లాస్‌మేట్ జూలీకీ పిచ్చెక్కింది. ఇక్కడి వేసవి సెలవుల్లో, అంటే డిసెంబర్, జనవరిల్లో, వెళ్ళొద్దామనుకున్నాం. మాతో పాటు రోహిణి. ఆ పిల్ల ఫిజీ తెలుగమ్మాయి. ముత్తాతల కాలంలో చెరుకు తోటల్లో కూలికి వెళ్ళిన కుటుంబం. అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోశాక, వాళ్ళ నాన్న కొట్టు మీద రెండుసార్లు రాళ్ళు పడ్డాక, ఉన్నదంతా వదిలేసి సిడ్నీ వచ్చేశారు. వాళ్ళకి ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి ఇంకా చేతికి రాలేదు. ఒకసారి బయటికి వెళ్ళి తిరిగి రావచ్చని రోహిణి ఫిజీ పాస్‌పోర్టులో ఒక ముద్ర ఉండేది, అంతే.

మా నాన్న వినగానే, "ముగ్గురూ ఆడపిల్లలేనా? పెద్దవాళ్ళెవరూ తోడు లేకుండానా?" అన్నారు. జూలీకి ఈ సంగతి ఎంత చెప్పినా అర్థం కాలేదు. "మీ డాడ్‌కి నీ మీద నమ్మకం లేదా?" అని అడిగింది. నమ్మకం ఉంది, తోడు లేదు అన్నాను. ఆ ఆదివారం కూడికలో నా మొహం చూసి ఆంటీ సంగతి లాగారు. ఆవిడకి అప్పటికి ఆసుపత్రిలో లాంగ్ సర్వీస్ లీవ్ జమ అయి ఉంది. ఏళ్ళ తరబడి ఒకేచోట పనిచేసినవాళ్ళకి ఇక్కడ ఇచ్చే పెద్ద సెలవు అది. ఆవిడ ఇండియా వెళ్తారని అందరూ అనుకుంటున్నారు. "నేనెళ్తాను పిల్లలకి తోడు. ఆయ్, నేనూ ఏ ఊరు చూశాను గనక?" అన్నారు. ఆంటీ భర్త, మేం అంకుల్ అనే ఆయన, కుర్చీలు మడత పెట్టడానికి లేచి వెళ్ళారు. వాళ్ళబ్బాయికి అప్పటికి పదేళ్ళు, అమ్మాయి ఇంకా చిన్నది.

బయల్దేరే ముందు రోజు రోహిణి వాళ్ళమ్మ ఆంటీ ఇంటికి వచ్చింది. ఆవిడ గట్టి హిందువు, ఇది క్రైస్తవుల ఇల్లు. అయినా పళ్ళెంలో కొబ్బరికాయ, పూలు పెట్టుకుని వచ్చింది. కూతురి చెయ్యి తీసి ఆంటీ చేతిలో పెట్టి, "అక్కా, నా బిడ్డని నీ చేతిలో పెడతా ఉండాను. మళ్ళా నా చేతిలో నువ్వే పెట్టాల" అంది. ఆంటీ ఆ పళ్ళెం బల్ల మీద బైబిల్ పక్కనే పెట్టి, రెండు చేతులతో రోహిణి చెయ్యి పట్టుకున్నారు. "నా ప్రాణం ఉండగా దీనికేం కాదు చెల్లెమ్మా" అన్నారు. పెళ్ళి అప్పగింతల్లా ఉందని నేనూ రోహిణీ వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాం.

వెనిస్‌లో జనవరి. పొగమంచు, బురద వాసన, సందుల్లో మడమల దాకా నీళ్ళు, ఆ నీళ్ళ మీద నడవడానికి చెక్క బల్లలు. నేను స్లైడ్లలో చూసిన ఊరు కాదు, కానీ నాకు ఇదే ఇంకా నచ్చింది. ఆంటీకి మాత్రం అస్సలు నచ్చలేదు. చీర మీద పొడుగు కోటు, కాళ్ళకి రబ్బరు బూట్లు, తలకి స్కార్ఫు వేసుకుని వంతెన మీద నిలబడి కిందకి చూసి పెదవి విరిచారు. "ఇదేం కాలవే గ్రేసీ? లాకు లేదు, గట్టు లేదు, గట్టు మీద చెట్టు లేదు. ఇంట్లోకి నీళ్ళొస్తే మా ఊళ్ళో వరదొచ్చిందని ఏడుస్తారు. వీళ్ళు టికెట్ పెట్టి చూపిస్తున్నారు." జూలీకి నేను ఇంగ్లీషులో చెప్తే అది వంతెన మీద కూలబడి నవ్వింది.

హాస్టల్ వంటగదిలో పొద్దున్నే లేచి, సిడ్నీ నుంచి మోసుకొచ్చిన కుక్కర్లో అన్నం వండి పులిహోర కలిపేవారు. అది స్టీలు డబ్బాలో పెట్టి, గుడ్డ సంచిలో వేసి, రోజంతా మోసేవారు. మధ్యాహ్నం ఏ చర్చి మెట్ల మీదో కూర్చుని తినేవాళ్ళం. అక్కడి నిమ్మకాయలు మంచివని ఒప్పుకున్నారు, ఆ ఊళ్ళో ఆవిడ మెచ్చుకున్నది అదొక్కటే.

మా పాస్‌పోర్టులన్నీ ఆంటీ దగ్గరే ఉండేవి. దిగిన రోజే అందరివీ అడిగి తీసుకున్నారు. మన ఇళ్ళల్లో ప్రయాణమంటే అంతే కదా, టికెట్లూ కాగితాలూ అన్నీ పెద్దవాళ్ళ సంచిలో. "అందరివీ ఒకచోటుంటే ఒక్కటి చూసుకుంటే చాలు" అనేవారు. జూలీ ఒకసారి గునిసింది, మేమిద్దరం అసలు ఆలోచించనే లేదు. వాటిని ఆవిడ తోలు హ్యాండ్‌బ్యాగులో, కోటు లోపల, భుజానికి అడ్డంగా వేసుకుని తిరిగేవారు. ఈలోపు గల్ఫ్‌లో యుద్ధం మొదలైంది. స్టేషన్లో తుపాకుల పోలీసులు కనపడసాగారు. గుంపుల్లో జేబుదొంగలు ఎక్కువయ్యారని హాస్టల్ ఆవిడ హెచ్చరించింది. ఆ పొద్దున ఆంటీ బాగా ఆలోచించి, హ్యాండ్‌బ్యాగులోంచి పాస్‌పోర్టులు తీసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, అన్నం సంచి అడుగున, పులిహోర డబ్బా కింద పెట్టారు. "తోలుబ్యాగు లాక్కుపోతారు గాని పసుపు మరకల సంచి ఎవడికి కావాలి?" అన్నారు. నాకూ అది మంచి ఉపాయంలాగే తోచింది.

మధ్యాహ్నం పడవ రేవు దగ్గర ఒక చర్చి మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. తలకి గుడ్డ కట్టుకుంది, ఒడిలో చిన్నపిల్ల. చెయ్యి కూడా చాపలేదు, ఊరికే చూస్తూ కూర్చుంది. ఆంటీ ఆగారు. మేం ఎక్కాల్సిన నీటి బస్సు అప్పుడే రేవుకి చేరింది. జూలీ ముందే ఎక్కేసి, రమ్మని కేకేస్తోంది. ఆంటీ సంచి ఆ తల్లి ఒళ్ళో పెట్టి, పిల్ల తల నిమిరి, పరుగెత్తుకుంటూ వచ్చి పడవెక్కారు. డబ్బా తీసి ఇచ్చే వ్యవధి లేక సంచితో సహా ఇచ్చేశారు. మాకు తిండి పోయిందని నేను విసుక్కున్నాను.

పడవ నీళ్ళ మధ్యకి వచ్చాక ఆవిడ చెయ్యి కోటు మీద, హ్యాండ్‌బ్యాగు ఉండే చోట ఆగింది. ఇంక కదల్లేదు. అరవలేదు, ఏడవలేదు. నావైపు తిరిగి, "తర్వాత రేవులో దిగిపోదామమ్మా. పాస్‌పోర్టులు అన్నం సంచిలో ఉన్నాయి" అన్నారు. రోహిణి నా పక్కనే ఉంది. ఆ పిల్ల మొహంలో రంగు ఎలా పోయిందో నాకు ఇప్పటికీ గుర్తే.

మేం తిరిగి వెళ్ళేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. ఆ సాయంత్రమంతా తిరిగాం. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్తే, అదే మెట్టు మీద స్టీలు డబ్బా ఉంది. శుభ్రంగా కడిగి, మూత పెట్టి ఉంది. సంచి లేదు. ఆంటీ డబ్బా మూత తీసి లోపల చూశారు, మళ్ళీ పెట్టారు. "కడిగి పెట్టింది" అన్నారు. ఆ మనిషిని ఆ రోజు గాని, తర్వాత గాని ఒక్క మాట అనలేదు. పోలీసుల దగ్గరికి వెళ్తే ఒకాయన అన్నీ రాసుకుని, చివర్లో, ఎంతకి అమ్మారని అడిగాడు. యుద్ధం రోజుల్లో పాస్‌పోర్టులకి గిరాకీ ఉందట. ఆంటీకి అర్థం కాలేదు. నేను తెలుగులో చెప్పకుండా ఊరుకున్నాను. ఆ పాస్‌పోర్టులు ఏమయ్యాయో ఈ రోజుకీ మాకు తెలియదు.

మిలాన్‌లో ఆస్ట్రేలియా కాన్సులేట్ ఉంటే అక్కడికి వెళ్ళాం. ఆంటీకీ, నాకూ, జూలీకీ పెద్ద కష్టం లేకుండా కొత్తవి ఇచ్చారు. రోహిణి మా దేశస్థురాలు కాదు, వాళ్ళేమీ చేయలేమన్నారు. ఫిజీ వాళ్ళ ఆఫీసు లండన్‌లో ఉంది. ఫోన్లు, ఫ్యాక్సులు అన్నీ అయ్యాక అక్కడి నుంచి ఒక కాగితం వచ్చింది. దాని మీద ఒకే ఒక్కచోటికి వెళ్ళొచ్చు, ఫిజీకి. ఆస్ట్రేలియా తిరిగి రావాలంటే అక్కడి ఆఫీసులో మళ్ళీ మొదట్నుంచి అడగాలి. ఇస్తారో ఇవ్వరో ఎవరూ చెప్పలేకపోయారు.

"నేను పోను ఆంటీ. ఐ కాంట్ గో బ్యాక్ దేర్. శానా భయంగా ఉండాది" అంటూ రోహిణి మంచం మీద ముడుచుకుపోయింది. ఆంటీ ఓదార్చలేదు. తన చీర ఒకటి తెచ్చి ఒక చివర దాని చేతికిచ్చారు. "పట్టుకో. మడత పెడదాం. భయం వేసినప్పుడు చేతులకి పని చెప్పాలి" అన్నారు. ఇద్దరూ పెట్టెలో ఉన్న చీరలన్నీ విప్పి మళ్ళీ మడతలు పెట్టారు. మడతలయ్యాక, "నేనూ వస్తున్నాను నీతో" అన్నారు. అది అడగడం కాదు, చెప్పడం.

మా నాన్నకి ఫోన్ చేస్తే, "నువ్వూ ఆవిడా వచ్చేయండి. ఆ పిల్ల సంగతి వాళ్ళ చుట్టాలు చూసుకుంటారు" అన్నారు. ఆంటీ రిసీవర్ తీసుకుని, "అన్నయ్యగారూ, మీ అమ్మాయిని రేపు విమానం ఎక్కిస్తాను. నన్ను మాత్రం అడక్కండి" అని పెట్టేశారు. అంకుల్‌తో మాట్లాడినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన గొంతు నాకూ వినపడుతోంది, "పిల్లలు రోజూ అడుగుతున్నారు. నువ్వు ఎవరి తల్లివి అసలు?" అంటున్నారు. ఆంటీ కళ్ళు తుడుచుకున్నారు. "మన పిల్లలకి మీరున్నారు. దీనికి ఇక్కడ నేనొక్కదాన్నే" అన్నారు. ఆ తర్వాత రోహిణి వాళ్ళమ్మకి ఆవిడే ఫోన్ చేశారు. పడవ తొందరనీ, దొంగల భయమనీ ఏమీ చెప్పలేదు. "తప్పంతా నాదే చెల్లెమ్మా" అన్నారు. అవతల ఒక్క మాట కూడా లేకుండా ఫోన్ పెట్టేసిన చప్పుడైంది.

జూలీ, నేను సిడ్నీ వచ్చేశాం. యూనీ మొదలైంది. రోహిణి వాళ్ళమ్మని చూడ్డానికి వెళ్తే ఆవిడ గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. "శానా మంచిదనుకొన్నాము" అంది. వాళ్ళ బంధువుల్లో ఒకాయన, బిడ్డని మతంలో కలుపుకోవడానికే ఇదంతా చేసిందని ఊరంతా చెప్పాడు. మా కూడికలోనూ తక్కువేం కాదు. సొంత పిల్లల్ని వదిలేసి ఊరేగుతోందని టీ తాగుతూ అనుకున్నారు. మా అమ్మ ఒకరోజు కప్పు ఠక్కున కింద పెట్టి లేచి వచ్చేసింది. ఆ తర్వాత వారం వారం ఆంటీ పిల్లలకి మా ఇంట్లోనే వండి పంపేది.

ఫిజీలో ఏం జరిగిందో రోహిణి నాకు తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. అక్కడ మిగిలింది వాళ్ళ తాత ఒక్కడే, కౌలుకి తీసుకున్న చెరుకు తోట మధ్య రేకుల ఇంట్లో. ఆంటీని చూసి, "యా ఊరమ్మా నీది? మావోళ్ళు పారిపోయిన చోటికి నువ్వు వెతుక్కుంటా వచ్చినావా?" అన్నాడట. ఆయన కాలికి మానని పుండు. ఆంటీ రోజూ పొద్దున దాన్ని కడిగి కట్టు కట్టేవారు. ఆదివారం ఆయన పటాల ముందు గంట కొడుతుంటే, ఈవిడ వరండాలో కూర్చుని బైబిల్ చదువుకునేవారు. వారానికోసారి బస్సులో రాజధాని సువాకి వెళ్ళి ఆస్ట్రేలియా వీసా ఆఫీసులో కూర్చునేవారు, వాళ్ళు మళ్ళీ రమ్మనేవారు. దారిలో సిపాయిలు బస్సు ఆపి లోపలికి ఎక్కినప్పుడల్లా ఆంటీ రోహిణిని కిటికీ వైపుకి తోసి, తను నడవా వైపు కూర్చునేవారు. ఆవిడ సెలవంతా అయిపోయి, జీతం లేని సెలవు పెట్టుకోవాల్సి వచ్చింది.

చివరికి వీసా వచ్చింది. ఈస్టర్‌కి ముందు ఒక పొద్దున విమానాశ్రయానికి రోహిణి వాళ్ళమ్మా, నేనూ వెళ్ళాం. ఆ విమానంలో వచ్చినవాళ్ళందరూ బయటికి వచ్చేశారు. వీళ్ళిద్దరూ రాలేదు. ఎంతసేపు చూసినా ఆ తలుపు లోంచి వేరే విమానాల వాళ్ళే వస్తున్నారు. రోహిణి వాళ్ళమ్మ రెయిలింగు పట్టుకుని కదలకుండా నిలబడింది. నేను కాఫీ తెస్తే తీసుకోలేదు. మళ్ళీ వెనక్కి పంపేశారేమోనని నేను వెళ్ళి బోర్డు మీద ఫిజీకి తిరిగి వెళ్ళే విమానం టైము చూసొచ్చాను.

ఎప్పటికో రోహిణి వచ్చింది, దాని వెనకాల ఆంటీ. ఆంటీ బాగా నల్లబడ్డారు, చిక్కిపోయారు. ముందుకి వచ్చి రోహిణి చెయ్యి పట్టుకోబోయారు. ఈలోపే వాళ్ళమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుని, ఆంటీ వైపు చూడకుండా, పెట్టె తనే మోసుకుంటూ వెళ్ళిపోయింది. రోహిణి వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ వెళ్ళింది. ఆంటీ చెయ్యి అలాగే చాచి ఉంది. నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు, ఎవరి మీద వచ్చిందో కూడా తెలియలేదు. "నాన్నగారు బాగున్నారామ్మా?" అని అడిగారు ఆంటీ. అంకుల్ కార్లోనే కూర్చుని ఉన్నారు. వాళ్ళబ్బాయి వెనక సీట్లోంచి దిగలేదు.

ఆ తర్వాత ఆంటీ ఎప్పుడు కనపడినా, అన్ని మాటలూ అయ్యాక, బయల్దేరబోతుంటే, "రోహిణి వాళ్ళమ్మ ఏమన్నా అందా?" అని అడిగేవారు. లేదాంటీ అనేదాన్ని. "పోన్లే" అనేవారు. రోహిణి పెళ్ళికి పిలుపు రాలేదు. ఏ చీర కట్టుకుందో, భోజనాలు బాగున్నాయో లేదో నన్ను కూర్చోబెట్టి అడిగారు. రోహిణి దొంగచాటుగా ఆవిడ దగ్గరికి వెళ్తూనే ఉండేది. వాళ్ళమ్మ కొన్నేళ్ళ కిందట సిడ్నీలోనే, ఎడ్మండ్‌సన్ పార్క్‌లో, కూతురి ఇంట్లోనే పోయింది. ఆ రోజు ఆంటీ కాన్‌బెర్రా నుంచి వచ్చి, లోపలికి రాకుండా, కార్ల మధ్య నిలబడి చూసి వెళ్ళిపోయారు.

పోయిన చలికాలంలో కాన్‌బెర్రాలో, హారిసన్‌లో ఉన్న వాళ్ళబ్బాయి ఇంటికి వెళ్ళాను. ఆంటీ కిటికీ దగ్గర ఎండలో కూర్చుని ఉన్నారు. మతిమరుపు మొదలైంది. నన్ను గుర్తుపట్టారు గాని, మా నాన్న పోయిన సంగతి గుర్తులేదు. నేను లేవబోతుంటే చెయ్యి పట్టుకుని, "రోహిణి వాళ్ళమ్మ ఏమన్నా అందా?" అన్నారు. ఆవిడ పోయిందాంటీ అని చెప్పడానికి నోరు రాలేదు. అబద్ధం చెప్పడానికీ రాలేదు. "ఇంకా ఏమీ అనలేదాంటీ" అన్నాను. "అంటుందిలే. తల్లి కదా, టైమ్ పడుతుంది" అన్నారు.

శనివారం చర్చి నిండింది. వాళ్ళబ్బాయి కాగితం లేకుండా ఇంగ్లీషులో మాట్లాడాడు. తన చిన్నప్పుడు వాళ్ళమ్మ ఒక ఏడాది నెలల తరబడి ఇంట్లో లేదనీ, ఎవరి పిల్ల కోసమో తనని వదిలేసిందని చాలా ఏళ్ళు కోపంగా ఉన్నాననీ చెప్పాడు. "ఐ థింక్ ఐ స్టిల్ యామ్, ఎ బిట్" అని దిగిపోయాడు. ఆ మాటకి నాకు వాడి మీద గౌరవం పెరిగింది. నా పక్కన రోహిణి తల వంచుకుని కూర్చుంది.

తర్వాత హాల్లో అందరూ ప్లేట్లు పట్టుకుని ఉన్నప్పుడు, రోహిణి నన్ను బయటికి రమ్మంది. మెట్ల మీద కూర్చున్నాం. ముక్కు చీదుకుని, "ఆ పొద్దున ఎయిర్‌పోర్టులో అంత లేట్ ఎందుకైందో నీకు చెప్పలేదు కదా" అంది. లేదన్నాను.

"ఆంటీది ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్. సిటిజన్స్ లైన్లో పోతే రెండు నిమిషాల్లో బయటికి పోవచ్చు. నాతో ఫారినర్స్ లైన్లో నిలబడింది. నా పేపర్లో ఏందో ప్రాబ్లమ్ అని నన్ను లోపల రూమ్‌లో కూర్చోబెట్టినారు. గ్లాస్‌లోంచి నాకు కనపడతానే ఉంది. ఆఫీసర్ వచ్చి, మ్యామ్, మీరు పోవచ్చు అంటాడు. ఈమె పోదు. ఇంకొకాయన వచ్చి చెప్పినాడు. పోదు. ఆ పిల్లని వెనక్కి పంపితే నేనూ అదే విమానంలో వెనక్కి పోతాను, నన్ను లోపలికి రాసుకోవద్దు అని చెప్పిందంట. ఆయనే వచ్చి నాకు చెప్పినాడు, హూ ఈజ్ షీ టు యూ అని అడిగినాడు."

"మీ అమ్మకి చెప్పావా?"

"ఆంటీ వొద్దనింది. మీ అమ్మ నేనేదో గొప్ప పని చేశాననుకుంటుంది, పారేసింది నేనే కదా అనింది. ప్రామిస్ చేయించుకొనింది." రోహిణి కాసేపు ఏడ్చింది. "మా అమ్మ ఈ సంగతి తెలవకుండానే పోయింది, గ్రేసీ."

ఆ పొద్దున నేనూ, వాళ్ళమ్మా తలుపుకి ఇవతల నిలబడి ఉన్నాం. మధ్యలో ఉన్నది ఒక్క గోడే.

ఎయిర్‌పోర్టులో ఆ ఇమ్మిగ్రేషన్ హాలు ఖాళీ అయిపోయిందట, రోహిణి అద్దంలోంచి చూస్తూనే ఉందట. విమానం దిగినవాళ్ళందరూ వెళ్ళిపోయారు, కౌంటర్లలో దీపాలు ఒక్కొక్కటే ఆర్పేశారు. కాళ్ళు వాచిపోయి, ఆంటీ చెప్పులు విప్పేసి, చెప్పులు ఒక చేత్తో, పాస్‌పోర్టు ఇంకో చేత్తో పట్టుకుని, పసుపు గీత వెనకాల వట్టి కాళ్ళతో నిలబడ్డారు. నేల తుడిచే ఆయన బకెట్టు తోసుకుంటూ వచ్చి, ఈవిణ్ణి జరగమని అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఆయన ఒక నిమిషం చూసి, ఆవిడ చుట్టూ తుడుచుకుంటూ ముందుకి వెళ్ళిపోయాడు. తడినేల మీద దీపాలు మెరుస్తున్నాయి, ఆవిడ నిలబడినంత చోటు మాత్రం పొడిగా ఉంది.